ఒకే ముఖం, వేర్వేరు పుట్టుకలు: తొలినాటి సోవియట్ రేంజ్‌ఫైండర్ కెమెరాలను గుర్తించడం

ఆన్‌లైన్ వేలంలో పాత సోవియట్ కెమెరా కనబడితే, దాని కింద "అరుదైనది, యుద్ధానికి ముందుది, తొలి రకం" అని రాసి ఉండటం మామూలే. ఇందులో ఒక్కటి నిజమైనా సంతోషించాల్సిందే. అమ్మేవాళ్లందరూ మోసం చేస్తున్నారని కాదు. చాలామందికి తమ చేతిలో ఉన్నదేమిటో నిజంగానే తెలియదు. 1935లో తయారైన ఫెడ్‌నూ 1952లో తయారైన జోర్కీనీ పక్కపక్కన పెడితే కొత్తవారి కళ్లకు రెండూ ఒకటే. రెండింటిదీ అదే గుండ్రటి అంచుల ఒళ్లు, పైన అవే మెట్లు, లోపలికి ముడుచుకునే అదే లెన్స్. ధరలో మాత్రం చాలా తేడా ఉంటుంది.

రేంజ్‌ఫైండర్ సంగతి రెండు ముక్కల్లో చెప్పుకుందాం. ఈ కెమెరాలో లెన్స్ గుండా చూడం. పక్కనున్న చిన్న కిటికీలోంచి చూస్తాం. ఎదుటి దృశ్యం రెండు బొమ్మలుగా కనిపిస్తుంది. లెన్స్ తిప్పుతూ ఆ రెండింటినీ ఒకదానిపై ఒకటి కూర్చోబెడితే దూరం సరిగ్గా కుదిరినట్టు. ఈ పద్ధతిని సోవియట్ దేశంలో మూడు కుటుంబాలు నడిపించాయి. హార్కోవ్‌లో ఫెడ్, మాస్కో పక్కనున్న క్రాస్నోగోర్స్క్‌లో జోర్కీ, కీవ్ నగరంలో అదే పేరుతో వచ్చిన కెమెరా. మొదటి రెండూ జర్మన్ కెమెరా లైకాకు నకళ్లు, మూడోది కాంటాక్స్ అనే మరో జర్మన్ కెమెరా వారసత్వం.

వీటి తొలి రకాలను పోల్చేవారు ఒక సంగతి మనసులో పెట్టుకోవాలి. ఈ మార్పుల్లో చాలావాటిని ఏ ఇంజనీరూ "ఇక నుంచి కొత్త మోడల్" అని ప్రకటించి చేయలేదు. ఫ్యాక్టరీని నడిపే శాఖ మారితే కెమెరా మీద చెక్కిన పేరు మారింది. ప్రభుత్వ ప్రమాణం మారితే అంకెల వరస మారింది. జర్మనీ నుంచి తెచ్చిన గాజు నిండుకుంటే లెన్స్ మారింది. పాత విడిభాగాలు పెట్టెల్లో మిగిలి ఉంటే అవి అయిపోయేదాకా కొత్త కెమెరాల్లోకి వెళ్లాయి. కాబట్టి కెమెరా మీద కనిపించే ప్రతి గుర్తుకూ దాని క్యాలెండరు దానిదే. ఒక గుర్తును పట్టుకుని సంవత్సరం తేల్చేస్తే పప్పులో కాలేసినట్టే. నాలుగైదు గుర్తులు ఒకే మాట చెబుతున్నాయా లేదా అన్నదే చూడాలి.

హార్కోవ్ కమ్యూన్

ఫెడ్ పుట్టింది పేరున్న కెమెరా కంపెనీలో కాదు, అనాథ పిల్లల కమ్యూన్‌లో. 1927 చివర్లో హార్కోవ్ దగ్గర, వీధిన పడ్డ పిల్లల కోసం ఒక శ్రామిక కమ్యూన్ తెరిచారు. విద్యావేత్త అంతోన్ మకారెంకో దాన్ని నడిపాడు. సోవియట్ రహస్య పోలీసు వ్యవస్థకు ఆద్యుడైన ఫెలిక్స్ ఎద్మూందొవిచ్ జెర్జిన్‌స్కీ పేరు దానికి పెట్టారు. ఆయన పేరులోని మూడు మొదటి అక్షరాలే ఫెడ్. పిల్లలు మొదట విద్యుత్ డ్రిల్లింగ్ యంత్రాలు తయారుచేశారు. 1932 అక్టోబరులో లైకాను చూసి మూడు నమూనా కెమెరాలు చేశారు. 1934లో ఉత్పత్తి గాడిన పడింది. జర్మనీ 1941 జూన్‌లో దాడి చేసేనాటికి సుమారు 1,75,000 ఫెడ్‌లు బయటికి వచ్చాయి.

ఆ అంకెను గుర్తుంచుకోండి. "యుద్ధానికి ముందు ఫెడ్" అన్నంత మాత్రాన అది అపురూపం కాదు. అపురూపమైనవి మొదటి ఒకటి రెండేళ్లవి. వాటిని పట్టించే మొదటి సాక్షి పై మూత మీది చెక్కడం.

మూత మీద పెద్దగా, కలిపి రాసిన దస్తూరీలో ఫెడ్ అనే పేరు ఉంటుంది. లైకా పేరును కలిపి రాసినట్టే దీన్నీ రాశారు. అసలు కథ దాని కింద ఉన్న చిన్న అక్షరాల వరసల్లో ఉంటుంది. అన్నిటికన్నా తొలి కెమెరాల మీద జెర్జిన్‌స్కీ శ్రామిక కమ్యూన్, హార్కోవ్ అన్న మాటలు మాత్రమే ఉంటాయి. 1934 జులైలో రహస్య పోలీసు శాఖను ఎన్‌కెవిడి అనే కొత్త ప్రజా కమిసారియట్‌లో, అంటే మంత్రిత్వ శాఖలో, కలిపారు. ఆ తర్వాత ఉక్రెయిన్ ఎన్‌కెవిడి అన్న మాటలు కమ్యూన్ పేరుతో జతకలిశాయి. ఇంకొన్నాళ్లకు కమ్యూన్ అన్న పదం పోయి "కొంబినాత్", అంటే పరిశ్రమల సముదాయం, వచ్చింది. చివరికి ఉక్రెయిన్ స్థానంలో మొత్తం సోవియట్ యూనియన్ పేరు చేరింది. పిల్లల కమ్యూన్ అంచెలంచెలుగా ప్రభుత్వ కర్మాగారంగా మారిన చరిత్ర అంతా ఆ రెండు మూడు వరసల్లోనే ఉంది.

రష్యన్ రాకపోయినా దీన్ని చదవవచ్చు. ఎన్‌కెవిడి అన్న నాలుగు అక్షరాల్లో మొదటి మూడూ ఇంగ్లీషు పెద్దబడి హెచ్, కె, బి లాగే ఉంటాయి. నాలుగోది కింద రెండు చిన్న కాళ్లున్న ఇంటి బొమ్మలా ఉంటుంది. దాని పక్కన మరో నాలుగు అక్షరాలు కనిపిస్తాయి. అవి వై, సి, సి, పి లాగా ఉంటే ఉక్రెయిన్. సి, సి, సి, పి లాగా ఉంటే సోవియట్ యూనియన్. తేడా మొదటి అక్షరం ఒక్కటే. కొమ్మలు చీలిన వై కనిపిస్తే కెమెరా కొంచెం ముందరిది, సి కనిపిస్తే కొంచెం తర్వాతది. అమ్మకందారు పెట్టిన మసక ఫొటోలో కూడా ఈ ఒక్క అక్షరం తరచు తెలిసిపోతుంది. తెలియకపోతే మూత మీది ఫొటో దగ్గర నుంచి తీసి పంపమని అడగడంలో మొహమాటపడనక్కరలేదు.

రెండో సాక్షి నంబరు. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. కీవ్ కెమెరాల నంబరులో మొదటి రెండు అంకెలు తయారైన సంవత్సరాన్ని చెబుతాయని ఎక్కడో చదివి, ఆ సూత్రాన్ని ఫెడ్‌కు కూడా వర్తింపజేస్తారు. 38తో మొదలైంది కాబట్టి 1938 అంటారు. ఫెడ్ నంబరు వరస లెక్క మాత్రమే. ఒకటి తర్వాత ఒకటి పెరుగుతూ పోయింది, అందులో సంవత్సరం దాగి లేదు. తొలి జోర్కీ కూడా అంతే. అంకెలు ఎన్ని ఉన్నాయన్నదే ఇక్కడ ముఖ్యం. నాలుగంకెల ఫెడ్ తొలినాటిది. ఆరంకెల నంబరు ఉండి, మూత మీద ఎన్‌కెవిడి అక్షరాలు లేకుండా పాత కమ్యూన్ పేరు మాత్రమే ఉంటే అనుమానించాల్సిందే. ఆ మూత వేరే కెమెరా నుంచి వచ్చి ఉండాలి, లేదా చెక్కడం ఈ మధ్యే జరిగి ఉండాలి. సంధి కాలంలో మాత్రం కొంత వెసులుబాటు ఇవ్వాలి. ఒక రకం చెక్కడం ఫలానా నంబరు దగ్గర ఆగిపోయి, మరుసటి నంబరు నుంచి కొత్తది మొదలైందని అనుకోకూడదు. హద్దుల దగ్గర రెండు రకాలూ కలగలిసే కనిపిస్తాయి.

మూడోది నాకు బాగా నచ్చిన గుర్తు, అపెర్చర్ అంకెలు, అంటే లెన్స్‌లో వెలుతురు వెళ్లే రంధ్రం కొలతలు. లెన్స్ ముందు అంచు మీద చూడండి. యుద్ధానికి ముందరి ఫెడ్ లెన్స్ మీద 3.5, 4.5, 6.3, 9, 12.5, 18 అని ఉంటుంది. జర్మనీలో ఆ రోజుల్లో వాడుకలో ఉన్న పాత వరస అది. లైకాతో పాటే దిగుమతి అయింది. యుద్ధం తర్వాత ఇప్పుడు మనకు అలవాటైన వరస వచ్చింది: 3.5, 4, 5.6, 8, 11, 16. అందువల్ల 6.3, 9 అంకెలు కనబడితే లెన్స్ పాతకాలపుదని, 5.6, 8 కనబడితే తర్వాతదని వెంటనే చెప్పవచ్చు. ఈ గుర్తును దొంగ చెక్కడాలు చేసేవారు సాధారణంగా పట్టించుకోరు. మూత మీది పేరు మార్చడానికి పడే కష్టం లెన్స్ అంచు మీద ఎవరు పడతారు?

షట్టర్ చక్రం మీద కూడా లైకా నీడ పడింది. వేలు నొక్కి ఉంచినంతసేపు షట్టర్ తెరిచి ఉండే స్థానానికి జర్మన్లు జడ్ అక్షరం వాడారు. లాటిన్ లిపిలోని ఆ అక్షరాన్ని హార్కోవ్ పిల్లలు అలాగే దింపేశారు. పక్కన 20, 30, 40, 60, 100, 200, 500 అన్న వేగాలూ (సెకనులో అన్నో వంతు అని) లైకావే. తర్వాతి కాలంలో వేగాలు 25, 50, 100, 250, 500గా సర్దుకున్నాయి, జడ్ కూడా సెలవు తీసుకుంది. అయితే ఫెడ్‌లన్నీ 500 దగ్గరే ఆగాయని అనుకోవద్దు. యుద్ధానికి ముందు ఫెడ్-ఎస్ అనే రకం వచ్చింది. దాని చక్రం మీద 1000 ఉంటుంది, లెన్స్ కూడా ఎఫ్2, అంటే 3.5 కన్నా ఎక్కువ వెలుతురు పట్టేది. అది దొరికితే అదృష్టమే. కానీ వేగం అంకె ఒక్కటే చూసి మురిసిపోకూడదు, చక్రం మార్చడం పెద్ద పని కాదు.

లెన్స్ మీద ఇంకో చిన్న అక్షరం ఉంది. ద్వారబంధం ఆకారంలో, ఎరుపు రంగులో ఉంటుంది. రష్యన్‌లో "ప". గాజు మీద వెలుతురు చెదరకుండా పూత వేశారని దానర్థం. ఈ పూత లెన్సులు యుద్ధం తర్వాతివి. 1936 నాటిదని చెప్పే ఫెడ్‌కు ఎర్ర "ప" ఉన్న లెన్స్ ఉందంటే, ఆ లెన్స్ తర్వాత వచ్చి చేరింది. కెమెరా అబద్ధం కాకపోవచ్చు, కానీ జత అబద్ధం. ఇండస్టార్-22 అన్న పేరున్న లెన్స్ బిగించి "అసలు జత" అని అమ్మే యుద్ధపూర్వ ఫెడ్‌లు ఎన్నో. ఇండస్టార్-22 యుద్ధం తర్వాత జోర్కీకి తోడుగా వచ్చిన లెన్స్.

జత విడిపోతే మసక

తొలి ఫెడ్‌ల విషయంలో అసలు జత ఉండటం అన్నది కేవలం సేకరణదారుల చాదస్తం కాదు. లెన్స్ కూర్చునే అంచు నుంచి ఫిలిం వరకు ఉండాల్సిన దూరం లైకాలో 28.8 మిల్లీమీటర్లు. 1930ల తొలినాళ్లలోనే లైకా తయారుచేసే లైట్జ్ కంపెనీ దీన్ని స్థిరం చేసింది. ఏ లెన్స్ తీసి ఏ లైకాకు బిగించినా సరిపోతుంది. హార్కోవ్‌లో తొలి సంవత్సరాల్లో ఆ క్రమశిక్షణ లేదు. ఒక్కో కెమెరాకు ఒక్కో లెన్స్‌ను విడిగా సర్దుబాటు చేసి పంపారు. ఆ లెన్స్ ఆ ఒంటికే సరిపోతుంది. మరో ఒంటికి మరలో చక్కగా బిగుస్తుంది, కిటికీలో రెండు బొమ్మలూ కలుస్తాయి, ఫిలిం కడిగాక మాత్రం అంతా మసక.

పాత ఫెడ్ లెన్సులు పనికిరానివన్న అపవాదుకు సగం కారణం ఇదే. లెన్స్ తప్పు కాదు, దాని ఇల్లు మారింది. మర గాడి కూడా లెక్క ప్రకారం ఒకటి కాదు. లైకాది అంగుళాల కొలతలో అంగుళానికి 26 చుట్లు, సోవియట్‌లది చుట్టుకు 1 మిల్లీమీటరు. తేడా చాలా స్వల్పం కావడంతో ఒకదానిలో ఒకటి బిగుస్తాయి. బిగిసింది కాబట్టి సరిపోయిందనుకుని మోసపోతాం. ప్రదర్శనకు కాకుండా ఫొటోలు తీయడానికి కొనేవారు తొలి ఫెడ్ జోలికి పోకపోవడమే మంచిదని నా ఉద్దేశం. పోయినా, ముందు ఒక రోల్ ఖర్చుపెట్టి పరీక్షించుకోవాలి.

ఫెడ్ నుంచి జోర్కీకి

1941 అక్టోబరులో హార్కోవ్ జర్మన్ల చేతికి చిక్కింది. అంతకుముందే ఫ్యాక్టరీని సైబీరియాలో నోవొసిబిర్స్క్ దగ్గరున్న బెర్ద్స్‌క్‌కు తరలించారు. 1943 ఆగస్టులో నగరం విముక్తమైనా, అక్కడ కెమెరాల తయారీ తిరిగి కుదుటపడటానికి సమయం పట్టింది. ఈ లోపు ఫెడ్‌ను తయారుచేసే పని 1948లో క్రాస్నోగోర్స్క్ యాంత్రిక కర్మాగారం అందుకుంది.

సేకరణదారులు ఎగబడే రకం ఇక్కడ పుట్టింది. మొదట్లో వచ్చిన కెమెరాల పై మూత మీద ఫెడ్, జోర్కీ అన్న రెండు పేర్లూ కలిసే ఉన్నాయి. కొద్ది కాలంలోనే ఫెడ్ పేరు తప్పుకుని జోర్కీ ఒక్కటే మిగిలింది. రెండు పేర్ల రకం తక్కువ కాలం, తక్కువ సంఖ్యలో వచ్చింది. తర్వాత 1956 దాకా వచ్చిన మామూలు జోర్కీలు 8 లక్షలకు పైనే. అందుకే ఫెడ్-జోర్కీ ధర మామూలు జోర్కీకి ఎన్నో రెట్లు ఉంటుంది, అందుకే దొంగ ఫెడ్-జోర్కీలూ ఉన్నాయి. మామూలు జోర్కీ మూతకు ఇంకో పేరు చెక్కడం సులువైన పని కదా.

క్రాస్నోగోర్స్క్ ముద్రను పోల్చడం కష్టం కాదు. పక్కకు సాగిన నాలుగు పలకల గాజు పట్టకం, దాని గుండా వంగి పోయే వెలుతురు గీత. చెక్కడం అసలుదా కాదా అన్నది భూతద్దంలో చూస్తే కొంత తెలుస్తుంది. ఫ్యాక్టరీలో మొదట అక్షరాలు చెక్కి, తర్వాత లోహపు పూత వేసిన మూతల్లో పూత అక్షరాల గాడిలోకి కూడా దిగి ఉంటుంది, అంచులు మెత్తగా ఉంటాయి. తర్వాత చెక్కినవాటిలో గాడి పూతను చీల్చుకుని కింది ఇత్తడి దాకా వెళుతుంది. నల్లరంగు నింపి దాన్ని దాచినా, అక్షరం మూలల్లో పసుపు ఛాయ అక్కడక్కడ బయటపడుతుంది. పాత చెక్కడాన్ని అరగదీసి కొత్తది వేసినచోట మూత ఉపరితలం కొద్దిగా గుంట పడుతుంది. వెలుతురును ఏటవాలుగా పడనిస్తే ప్రతిబింబం అక్కడ వంకర తిరుగుతుంది.

జోర్కీలో ఇంకో ఉచ్చు ఫ్లాష్ సాకెట్. అసలు జోర్కీకి ఫ్యాక్టరీ ఎప్పుడూ ఫ్లాష్ కనెక్షన్ ఇవ్వలేదు. 1955లో వచ్చిన జోర్కీ-ఎస్ కు ఇచ్చారు, దాని పై మూత ఎత్తుగా, భారీగా ఉంటుంది కాబట్టి పోల్చుకోవడం తేలిక. మూత పొట్టిగా ఉన్న తొలి జోర్కీకి పక్కన సాకెట్ కనిపిస్తే, ఏ మరమ్మతుదారో యజమాని కోరిక మీద రంధ్రం చేసి బిగించి ఉంటాడు. దాన్ని "అరుదైన ప్రయోగాత్మక నమూనా" అని రాసిన ప్రకటనలు చదివి నవ్వుకోవడం తప్ప చేయగలిగింది లేదు.

కీవ్: పేరు కింద పేరు

కీవ్ కథ వేరు. ఇది నకలు కూడా కాదు, ఒక రకంగా అసలుకు కొనసాగింపు. జర్మనీలోని జైస్ ఇకాన్ కంపెనీ 1936లో విడుదల చేసిన కాంటాక్స్-2 లైకాకు గట్టి పోటీ. లైకాలో షట్టర్ అడ్డంగా కదిలే గుడ్డ తెర. కాంటాక్స్‌లో సన్నటి లోహపు పట్టీలు పట్టు దారపు రిబ్బన్లతో కూర్చి, పైనుంచి కిందికి జారుతాయి. వేగం 1/1250 సెకను దాకా. 1945 ఫిబ్రవరి బాంబు దాడుల్లో, కాంటాక్స్ తయారయ్యే డ్రెస్డెన్ నగరం ధ్వంసమైంది. యుద్ధ నష్టపరిహారం కింద సోవియట్‌లు మరో జర్మన్ నగరమైన జెనాలో కాంటాక్స్ తయారీని పునరుద్ధరింపజేసి, ఆ పనిముట్లనూ విడిభాగాలనూ కీవ్‌లోని ఆర్సెనల్ కర్మాగారానికి తరలించారు. 1947 నుంచి కీవ్ కెమెరా రావడం మొదలైంది. కీవ్-2 అంటే కాంటాక్స్-2. వెలుతురు మీటరు ఉన్న కాంటాక్స్-3కి కీవ్-3 సమానం.

తొలి కీవ్‌లలో చాలా భాగాలు జర్మనీలో తయారైనవే. కొన్నిటిలో ముందు నామఫలకం తీసి చూస్తే కింద కాంటాక్స్ అన్న పేరు, పూడ్చి కప్పేసిన ఆనవాళ్లతో బయటపడుతుంది. కొందరు అమ్మకందారులు దీన్నే పెద్ద ఆకర్షణగా చూపిస్తారు. చూసేందుకు బాగానే ఉంటుంది కానీ, దాన్ని తెరిచి చూడమని ఎవరికీ సలహా ఇవ్వను. కాంటాక్స్ వంశపు కెమెరాలను విప్పడం తెలిసినవారు తక్కువ, విప్పి మళ్లీ సరిగ్గా బిగించగలిగినవారు ఇంకా తక్కువ.

సంవత్సరం తెలుసుకోవడంలో మాత్రం కీవ్ మనకు శ్రమ తగ్గిస్తుంది. నంబరులో మొదటి రెండు అంకెలే సంవత్సరం. 49తో మొదలైతే 1949, 53తో మొదలైతే 1953. లెన్స్‌కు విడిగా ఇంకో నంబరు ఉంటుంది, 1950ల నుంచి క్రాస్నోగోర్స్క్ లెన్సుల మీద కూడా ఇదే పద్ధతి. రెండు నంబర్లూ పక్కపక్కన పెట్టి చూడవచ్చు.

లెన్స్ పేరు ఇంకా ఎక్కువ చెబుతుంది. తొలి కీవ్‌లతో వచ్చిన 50 మిల్లీమీటర్ల ఎఫ్2 లెన్స్ ముందు వలయం మీద రెండే అక్షరాలు ఉంటాయి, "జెడ్‌కె". రష్యన్‌లో మొదటి అక్షరం అచ్చం మన 3 అంకెలా ఉంటుంది, రెండోది కె. క్రాస్నోగోర్స్క్ సొన్నార్ (రష్యన్‌లో జొన్నార్) అన్నదానికి సంక్షిప్తం. లుడ్విగ్ బెర్టెలె జైస్ కోసం రూపొందించిన సొన్నార్ లెన్స్‌ను జర్మన్ గాజుతోనే క్రాస్నోగోర్స్క్‌లో తయారుచేశారు. ఆ గాజు ఎల్లకాలం ఉండదు కదా. సోవియట్ గాజుకు తగినట్టు లెక్కలు తిరగరాశారు, పేర్లూ మార్చారు. ఎఫ్2 లెన్స్ జూపిటర్-8 అయింది. ఎఫ్1.5 జూపిటర్-3 అయింది. జైస్ వారి 35 మిల్లీమీటర్ల బయోగాన్ లెన్స్‌కు నకలైన "బికె" కాస్తా జూపిటర్-12 అయింది. కాబట్టి 3, కె అక్షరాలున్న లెన్స్ 1940ల చివరిదో, 1950 ప్రాంతానిదో.

జూపిటర్లలో కూడా తొలివాటిని వలయం మీది రాత పట్టిస్తుంది. తొలినాటివాటి మీద 1:2 అని, పక్కన ఫోకల్ దూరం 5 సెంటీమీటర్లు అని రాసి, ఎర్ర "ప" వేస్తారు. తర్వాతి రోజుల్లో ఇదంతా కుదించి 2/50 అని గీత పెట్టి రాశారు. సెంటీమీటర్లు కనిపిస్తే పాతది, గీత కనిపిస్తే కొత్తది.

పేర్లలో ఆర్సెనల్ చేసిన గందరగోళం ఒకటుంది. 1950ల మధ్యలో కీవ్-2, కీవ్-3లకు ఫ్లాష్ కనెక్షన్ చేర్చి 2ఎ, 3ఎ అన్నారు. అంటే ఎ అక్షరం ఫ్లాష్ సదుపాయానికి గుర్తు. తర్వాత కీవ్-4 వచ్చింది, దానికి మీటరు ఉంది. మీటరు లేని రకానికి 4ఎ అని పేరు పెట్టారు. ఇక్కడ అదే ఎ అక్షరం మీటరు లేకపోవడానికి గుర్తు! ఈ వరసలో తర్కం వెతకడం కన్నా కెమెరాను కళ్లతో చూడటం మేలు. ముందు వైపు ఫ్లాష్ సాకెట్ ఉందా, పైన మీటరు మూత ఉందా, అంతే. సాకెట్ లేని కీవ్ 1950ల మధ్యకు ముందరిది.

తొలి కీవ్‌లు జర్మన్ భాగాలతో చేసినవి కాబట్టి మేలైనవని, ఏటేటా నాణ్యత దిగజారిందని సేకరణదారుల్లో గట్టి నమ్మకం ఉంది. తయారైన నాటికి అది నిజమే కావచ్చు. కానీ డెబ్బై ఏళ్లు దాటిన పట్టు రిబ్బను జర్మనీదైనా ఉక్రెయిన్‌దైనా ఏదో ఒక రోజు తెగుతుంది. 1948 కీవ్ కన్నా మొన్న రిబ్బన్లు మార్పించిన 1962 కీవ్ ఫొటోలు తీయడానికి నయం.

తర్వాతి తరాల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. 1955లో వచ్చిన ఫెడ్-2లో మొదటి రకానికి ఫ్లాష్ సాకెట్ ఉండదు, తర్వాత సాకెట్ వచ్చింది, ఆ తర్వాత సెల్ఫ్ టైమర్ చేరింది. జోర్కీ-4 లక్షల్లో వచ్చింది, 17 లక్షలు దాటింది. దాని తొలి రకాల్లో పేరు చెక్కి ఉంటుంది, షట్టర్ వేగాలు పాత వరసలో 25, 50, 100 అని ఉంటాయి. తర్వాతివి 30, 60, 125 వరసకు మారాయి. తొలి రకమైనా చివరి రకమైనా ఇవి ధరలో పెద్దగా తేడా చూపవు.

దొంగ లైకాలు

ఫెడ్, జోర్కీలకు పట్టిన మరో గ్రహణం లైకా పేరు. పాత ఫెడ్ పై మూత అరగదీసి, లైకా అని చెక్కి, బంగారు రంగు పూసి, ఒంటికి రంగు తోలు అతికించి అమ్ముతారు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్ గుర్తులు, జర్మన్ వైమానిక దళం గద్ద, నౌకాదళం ముద్ర, ఏది కావాలంటే అది. వీటిని నమ్మి కొనేవారికన్నా, వీటి కోసం బలైపోయిన అసలు ఫెడ్‌లను తలచుకుంటే నాకు బాధ. తొలి రకం చెక్కడం ఉన్న మూత ఒక్కటి ఇలా అరిగిపోయినా, అది తిరిగి రాదు.

బయటి చెక్కడం ఎంత బాగా చేసినా లోపలి భాగాలు నిజం చెబుతాయి. లెన్స్ మర విప్పి లోపల పైభాగం చూడండి. లెన్స్ కదలికను రేంజ్‌ఫైండర్‌కు చేరవేసే చిన్న చేయి ఒకటి ఉంటుంది. లైకాలో దాని చివర గుండ్రటి చక్రం తిరుగుతుంది. ఫెడ్‌లో, తొలి జోర్కీలో చక్రం ఉండదు, కన్నీటి చుక్కలా ఒకవైపు సన్నబడిన లోహపు ముక్క ఉంటుంది. ఇది మార్చాలంటే కెమెరాను పూర్తిగా విప్పాలి. బంగారు లైకాలు చేసేవారికి అంత ఓపిక ఉండదు.

లెన్స్ కూడా పట్టిస్తుంది. లైకా వారి ఎల్మార్‌లో అపెర్చర్ రేకులు మొదటి గాజు వెనకే ఉంటాయి. ఫెడ్ లెన్స్, ఇండస్టార్ జైస్ వారి టెస్సార్ లెన్స్ పద్ధతివి. వీటిలో రేకులు రెండో గాజు దాటాక, కొంచెం లోపలికి ఉంటాయి. అపెర్చర్‌ను 11 దగ్గరకు మూసి, ముందు నుంచి ఒంటి కంటితో చూస్తే రేకులు పైకే ఉన్నాయా, లోతుగా ఉన్నాయా అన్నది తెలిసిపోతుంది. ఎల్మార్ అని పేరు చెక్కి ఉండి రేకులు లోతుగా ఉంటే, ఇక వాదన అనవసరం.

చివరికి తూచేది ఎలా

కెమెరా చేతికి వచ్చాక నేను చూసే వరస ఇది. ముందు లెన్స్ విప్పి లోపలి చేయి. తర్వాత అపెర్చర్ అంకెలు, పూత అక్షరం. తర్వాత షట్టర్ చక్రం. అన్నిటికన్నా చివర పై మూత, నంబరు. అందరూ మొదట మూతే చూస్తారు, మోసం చేయాలనుకున్నవారు ఎక్కువ శ్రద్ధ పెట్టేదీ దాని మీదే. మార్చడం కష్టమైనవాటితో మొదలుపెట్టి మార్చడం సులువైనవాటి దగ్గరకు రావాలి. అడుగు మూత ఉపయోగం తక్కువ. ఒక కెమెరాది ఇంకోదానికి తరచు సరిపోతుంది కాబట్టి అది ఎటు తిరిగి వచ్చిందో ఎవరూ చెప్పలేరు.

గుర్తులు కొట్లాడుకుంటే ప్రతిసారీ మోసం అని తీర్మానించకండి. ఈ కెమెరాలు అద్దాల బీరువాలో కూర్చోవడానికి చేసినవి కావు. దశాబ్దాల పాటు వాడారు, పాడైతే పక్క కెమెరా నుంచి భాగం తీసి వేశారు. సోవియట్ మరమ్మతు దుకాణంలో చక్రం మారిన ఫెడ్ అబద్ధపు ఫెడ్ కాదు, అతుకుల బొంత, అంతే. దానికి అతుకుల బొంత ధర ఇస్తే సరి.

కీవ్ విషయంలో ఇంకో వెసులుబాటు ఉంది. తొలినాటి లెన్సులు క్రాస్నోగోర్స్క్ నుంచి వచ్చేవి, కెమెరా ఒళ్లు కీవ్‌లో తయారయ్యేవి. అందువల్ల ఒంటి నంబరు 53తో, లెన్స్ నంబరు 52తో మొదలైతే కంగారు పడాల్సిన పని లేదు, ఆ జత ఫ్యాక్టరీలో కలిసిందే అనుకోవచ్చు. 53 ఒంటికి 61 లెన్స్ ఉంటే మాత్రం "అసలు జత" అన్న మాటకు అదనంగా ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.